అబిడ్స్‌కు పడవను రమ్మన్నది నేనే

మా ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచీల్లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. కొత్తగా చేరిన మీరు కూడా ఏ క్యాంటీన్లోనో, ఏ ట్రైనింగులోనో వినే ఉంటారు. ఎవరో పిచ్చాయన తన స్పీడ్ బోటుకు ఇన్సూరెన్స్ చేయించాలని, నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీలో, దాన్ని బండి మీద వేసుకుని అబిడ్స్ బ్రాంచి ముందుకు తెచ్చి నిలబెట్టాడట. ట్రాఫిక్ మొత్తం ఆగిపోయిందట. కానిస్టేబుల్ వచ్చి లైసెన్సు చూపించమంటే "రోడ్డుదా సార్, నీళ్ళదా?" అన్నాడట. చివరికి నడిరోడ్డు మీద పడవకు చిల్లు పడితే, మేడ మీది బ్రాంచికి వచ్చి "ఇప్పుడు ఇవ్వండి ఇన్సూరెన్స్" అని కూర్చున్నాడట. ఇక్కడ అందరూ నవ్వుతారు.

ఆ కథను మొదట చెప్పినవాణ్ణి నేను. కానిస్టేబుల్ మాట నేను కల్పించింది. మేడ మీదికి వచ్చి కూర్చోవడం కూడా నా కల్పనే. పడవ నిజం, చిల్లు నిజం. ఆయన పిచ్చివాడు కావడం అబద్ధం. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. రెండేళ్ళ కిందట స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేశాను కాబట్టి ఇప్పుడు నన్ను ఎవరూ సంజాయిషీ అడగరు. అడిగే రోజుల్లో రాసి ఉంటే ఇంకా బాగుండేది.

మెట్రో రైలు వచ్చిన కొత్తల్లో, ఒక డిసెంబరులో, ఆయన మా అబిడ్స్ బ్రాంచికి వచ్చారు. వయసు అరవై దగ్గర. ఇస్త్రీ చొక్కా, పొట్టిగా కత్తిరించిన జుట్టు, గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోని ఇంజను నలుపు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. సికింద్రాబాద్‌లో సైన్యం వర్క్‌షాపులో పడవల ఇంజన్లు విప్పి బిగించే పని చేసి రిటైరయ్యారు. బొల్లారంలో ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు, అందులో ఒక స్పీడ్ బోటు. ఒళ్ళు కొచ్చి యార్డులో పోయించిన ఫైబరుది, ఇంజను బొంబాయి నుంచి తెప్పించింది. రెంటినీ జత చేసి, దానికి కావలసిన పరుగు నేర్పడానికి కొన్నేళ్ళు పట్టిందట. పేరు 'లకుముకి'. నీళ్ళలోకి బాణంలా దూకే పిట్ట పేరు.

ఊరి బయట జలాశయంలో ఎండాకాలం సెలవుల్లో ఆ పడవ మీద జనాన్ని తిప్పడానికి ఆయన అనుమతి అడిగారు. అక్కడి అధికారులు ఇస్తామన్నారు. ఒక్కటే షరతు: పడవకు ఇన్సూరెన్స్ ఉండాలి, సీజను మొదలయ్యే లోపల కాగితం అందాలి. లేకపోతే ఆ చోటు వెనక వరసలో ఉన్నవాళ్ళకు పోతుంది. రిటైరయినప్పుడు చేతికొచ్చినదంతా ఆ పడవలో ఉంది. భార్య మిషన్ స్కూల్లో టీచరు. "ఆమె ఏమనదు సార్, కానీ షెడ్డుల అడుగు పెడ్తలేదు," అన్నారు ఒకసారి, నవ్వుతూనే.

ఇంత మామూలు పని. ఒక మనిషి, ఒక పడవ, ఒక పాలసీ. కానీ పడవ పాలసీ అనేది మా బ్రాంచి ఎన్నడూ ఇచ్చి ఎరగనిది.

అక్కడ ఆఫీసరుగా ఉన్న నేను ఆయన్ని ముందు వాహనాలు చూసే మోటారు సెక్షనుకు తీసుకెళ్ళాను. అక్కడ ఉండే మేడమ్ మా బ్రాంచిలో అందరికన్నా సీనియరు. బేగం బజార్‌లో తరాలుగా కిరాణా వ్యాపారం చేసే కుటుంబం ఆమెది. నలుగురిలో నన్ను సార్ అనేది, ఎవరూ లేకపోతే తమ్మీ. ఆమె పడవ ఫోటో చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"లారీ తే, ఆటో తే, రోడ్ రోలర్ తెచ్చినా నాకు ఫికర్ లేదు. గిది ఏంది? చక్రాలేవి దీనికి?"

"చక్రాలు కింది బండికి ఉన్నయి మేడమ్," అన్నారు ఆయన.

"ఐతే బండికి చేస్త. పడవను సామాన్ల కింద రాస్త."

ఆమె హాస్యానికి అనలేదు. నిజంగానే ఆ దారి ఆలోచించింది. నేను కూడా ఆలోచించాను, అదీ సిగ్గుచేటు. బండి మీద ఉన్నంతసేపే కవరు ఉంటుందనీ, నీళ్ళలోకి దిగగానే పోతుందనీ ఆయనే చెప్పాల్సి వచ్చింది.

తరవాత మెరైన్ సెక్షను. పేరు విని మీరు సముద్రం ఊహించుకోకండి. మా భాషలో లారీలో పోయే సరుకు కూడా మెరైనే. బేగం బజార్‌కు వచ్చే జీడిపప్పు, యాలకులు, పసుపు బస్తాలు, ఇవీ మా మెరైన్. దశాబ్దాలుగా ఆ సెక్షను ఒక్క నీటి చుక్క చూడలేదు, వానకు తడిసిన బస్తాల క్లెయిములో తప్ప. అక్కడి ఆయన ఫైలును చేత్తో ముట్టుకోకుండానే "హల్ మాకు రాదు, మేము కార్గో" అన్నాడు. హల్ అంటే పడవ ఒళ్ళు. మిసిలేనియస్ సెక్షనుకు వెళ్తే అక్కడ ఎడ్లబండికీ, సర్కస్ గుడారానికీ, పెళ్ళి మండపానికీ దారి ఉంది. పడవకు లేదు. 'ఇది మెరైన్ కదా' అని వెనక్కి పంపారు. ఆ ఫైలు మూడు బల్లల మధ్య ఎన్నిసార్లు తిరిగిందో నాకే గుర్తు లేదు. అన్నిసార్లు నీళ్ళలో తిరిగి ఉంటే ఆ పడవ ఆపాటికి మూసీ దాటి కృష్ణలో కలిసేది.

చివరికి నేనే కంప్యూటర్లో ఎక్కించడానికి కూర్చున్నాను. హల్ అని కొడితే 'రిజిస్టరైన రేవు' అడిగింది. జలాశయం పేరు రాస్తే ఎర్రగా మెరిసింది. ఖాళీ వదిలితే ముందుకు పోనివ్వదు. ఇచ్చిన జాబితాలో ఉన్నవి సముద్రపు రేవులే. విశాఖపట్నం పెట్టాను. అప్పుడు 'తీరం నుంచి ఎన్ని మైళ్ళ దూరం వరకు వెళ్తుంది' అని అడిగింది. మా జలాశయంలో ఎటు వెళ్ళినా తీరమే వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. హెల్ప్ డెస్కుకు ఫోను చేస్తే, మీ బ్రౌజరు మార్చండి అన్నారు.

ఇంతలో వేగం దగ్గర ఇంకో తంటా. ఒక హద్దు దాటిన వేగం ఉన్న పడవైతే బ్రాంచికి అధికారం లేదు, రీజనల్ ఆఫీసుకు పోవాలి. ఆ హద్దు కింద రాస్తే మా దగ్గరే అయిపోతుంది. మోటారు మేడమ్, నేను, ఇద్దరం కలిసి ఆయనకు నచ్చజెప్పాం. ఎవరు కొలిచి చూస్తారు, సగం రాయండి అని.

"సార్, గంటకు ఎనభై కిలోమీటర్లు ఉరుకుతది. నలభై అని ఎట్ల రాస్తం?" అన్నారు. "రేపు దాని మీద కూసున్నోళ్ళకు తెలుస్తది గద."

"వాళ్ళు మాకు చెప్పరు," అన్నాను.

"నేను చెప్పినట్టే గద సార్, సంతకం నాదే ఉంటది."

ఎనభై అనే రాశారు. ఫైలు రీజనల్ ఆఫీసుకు వెళ్ళింది. ఆయన నిజాయితీ మీద ఆ రోజు నాకు చిరాకు వచ్చింది. ఇది కూడా రికార్డుకు ఎక్కాలి. ఆ తరవాత నేను ఏ పిచ్చాయన కథ చెప్పానో, అందులోని మనిషి తన పడవ వేగాన్ని ఒక్క అంకె తక్కువ చెప్పడానికి ఒప్పుకోనివాడు.

కొత్త సంవత్సరం వచ్చింది, నుమాయిష్ మొదలైంది. సాయంత్రమైతే నాంపల్లిలో అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఆ రోజుల్లో రీజనల్ ఆఫీసు నుంచి ఆశ్చర్యంగా మంచి జవాబు వచ్చింది. ఇవ్వవచ్చు, కానీ పడవను బ్రాంచి అధికారి స్వయంగా చూడాలి, పక్కన నిలబడి ఫోటో దిగాలి, పడవ ఒంటి మీద చెక్కిన నంబరు ప్రింటు తియ్యాలి.

ప్రింటు తియ్యడం మీకు తెలుసు. చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. పాలసీ గడువు తప్పిన ప్రతి బండికీ అది చెయ్యాలి. మా బ్రాంచిలో అది ఎలా జరిగేదంటే, బండి యజమాని బండిని మా సందులోకి తెస్తాడు. కింద నుంచి ఫోను చేస్తాడు. మేము చాయ్ పూర్తి చేసి, పెన్సిలు చెవికి పెట్టుకుని దిగుతాం. లారీలు వచ్చేవి, ట్రాక్టర్లు వచ్చేవి, ఒకసారి క్రేను కూడా వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఏ వాహనం దగ్గరికీ వెళ్ళలేదు. అవే నా దగ్గరికి వచ్చాయి. అలా ఎక్కడా రాసి లేదు. అలవాటైపోయింది, అలవాటును రూలు అని పిలుచుకున్నాం.

నా ఫోను ఆ వారం పని చెయ్యడం లేదు. మోటారు మేడమ్ బల్ల మీది ల్యాండ్‌లైన్ నుంచి ఆయనకు ఫోను చేశాను. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"సార్, శాంక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ ఒక్కటే మిగిలింది. బోటు తీసుకుని రండి."

"ఏడికి సార్?"

"బ్రాంచికి."

 ఆయన మెల్లగా అడిగారు. "అబిడ్స్‌కా? పడవనా?"

"బండి మీదనే ఉంది కదా."

"ఉంది, కానీ సార్, మీరు ఒక్కపారి షెడ్డుకు వస్తే... నేనే వచ్చి తీస్కపోత, మల్ల నేనే దింపుత. మధ్యాహ్నం కల్లా అయిపోతది."

"మాకు అట్లా రూల్ లేదు సార్. వెహికిల్స్ అన్నీ ఇక్కడికే వస్తాయి."

"సరే సార్," అన్నారు. "మీరు చెప్పినట్టే."

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణం దొరికితే బాగుండుననిపించేది. దొరకలేదు. బొల్లారం దూరం. ఎండ. సాయంత్రం ఇంట్లోవాళ్ళను నుమాయిష్‌కు తీసుకెళ్తానని మాట ఇచ్చాను, త్వరగా బయటపడాలి. ఇంతే.

ఆయన తెల్లవారకముందే బయలుదేరారట, రోడ్లు ఖాళీగా ఉంటాయని. ఒక జీపు కిరాయికి మాట్లాడుకుని, దాని వెనక పడవ బండి తగిలించుకుని, బొల్లారం నుంచి సికింద్రాబాద్ మీదుగా, ట్యాంక్‌బండ్ పక్కనుంచి, అంత నీరు కళ్ళ ముందు పెట్టుకుని, ఆగకుండా అబిడ్స్ వచ్చారు. నేను ఆఫీసు వేళకు వచ్చేసరికి మా సందులో సగం ఆ పడవే. నీలం రంగు ఒళ్ళు, తెల్లటి చార, ముక్కు ఆకాశం వైపు. టార్పాలిన్ తీసి మడిచి పెట్టారు. రాత్రంతా తుడిచినట్టుంది, పక్కన నిలబడితే మన ముఖం అందులో కనిపిస్తోంది.

చుట్టూ జనం. చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడి చూస్తున్నారు. ఒకాయన "మూసీల నడిపిస్తరా అన్నా?" అని అడిగాడు. "నీళ్ళు వదిలిన నాడు," అని ఇంకెవరో జవాబిచ్చారు. నుమాయిష్ లక్కీ డ్రాలో మొదటి బహుమతి ఇదేనా, టికెట్లు ఎక్కడ అమ్ముతున్నారని ఇద్దరు వాదించుకుంటున్నారు. సందు మొదట్లో పూలమ్మే ఆమె, కొత్త బండికి పూజ కాబోలు అనుకుని ఒక బంతిపూల మూర తెచ్చి ఇచ్చింది. ఆయన ఆమెకు రెండు చేతులా దండం పెట్టి తీసుకుని, స్టీరింగుకు చుట్టారు. ఎవరేమన్నా నవ్వుతూ జవాబు చెప్తున్నారు. ఆ ఉదయం ఆయన ముఖంలో భయం లేదు. పాలసీ చేతికి వచ్చే రోజు అది.

నేనేం చేశానో కూడా చెప్తాను. ముందు మేడ ఎక్కి, కిటికీలోంచి పడవను ఫోటో తీసి, అప్పటికి బాగు చేయించుకున్న నా ఫోనులో స్నేహితుల గ్రూపుకు పంపాను. 'మా బ్రాంచికి సముద్రం వచ్చింది' అని రాశాను. తరవాత పెన్సిలు, కాగితం జేబులో పెట్టుకుని కిందికి దిగాను. మెట్ల మీద ఉండగానే మేనేజరు పిలిచారు. టార్గెట్ల రివ్యూ, అందరూ రావాలి. నేను కిందికి వెళ్ళి "ఒక్క పది నిమిషాలు సార్" అని చెప్పి పైకి వచ్చాను. నంబరు పడవ వెనక పలక మీద, చేతికందే ఎత్తులో ఉంది. రుద్దడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పది నిమిషాల మాట చెప్పేంతసేపు కూడా పట్టదు.

మీటింగు మీకు తెలిసిన మీటింగే. మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. కోపం వచ్చినా 'అండీ' పోదు. "ఏవండీ, పక్క బ్రాంచి వాళ్ళు మనుషులు కారా అండీ?" అని మొదలుపెట్టారంటే మధ్యాహ్నం దాకా సాగుతుంది. మధ్యలో నా జేబులో ఫోను వణికింది. ఆయనే. కట్ చేశాను. కాసేపటికి మళ్ళీ. మళ్ళీ కట్ చేశాను. ఆ ఫోన్లలో ఆయన ఏం అడగాలనుకున్నారో తరవాత తెలిసింది. సందులోంచి తియ్యమని ట్రాఫిక్ కానిస్టేబుల్ గట్టిగా చెప్తున్నాడు, ఏం చెయ్యమంటారు సార్, జర కిందికి వస్తారా అని.

కానిస్టేబుల్ చెడ్డవాడేం కాదు. చాలాసేపు ఓపిక పట్టాడు. ఇక్కడ వద్దు, నాంపల్లి వైపు పోయి ఎక్కడైనా వెడల్పు చోట ఆపుకో అన్నాడు. జీపు డ్రైవరు సందులోంచి బయటికి తీసి, అటు తిరిగాడు. నాంపల్లి చేరాక, నుమాయిష్ కోసం కట్టిన బారికేడ్ల దగ్గర దారి ఇరుకై ఆగాల్సి వచ్చింది. ముందు ఒక ట్రాలీ ఆటో, దాని నిండా ఇనుప పైపులు, బండి దాటి వెనక్కి పొడుచుకొచ్చినవి. చివర ఒక ఎర్ర గుడ్డ కట్టి ఉంది. జీపు వాడు దానికి దూరంగానే ఆపాడు. కాని ట్రాలీ వాడు యూటర్న్ కోసం పక్కకు తిప్పి రివర్సు తీసుకున్నాడు. జీపును తప్పించాడు. జీపు వెనక ఇంకా ఏదో ఉందన్న సంగతి అతనికి తెలియదు. నాంపల్లిలో ఎవరికైనా ఎందుకు తెలుస్తుంది?

పైపులు పడవ పక్క భాగంలోకి దిగాయి. ట్రాలీ ముందుకు లాక్కున్నప్పుడు ఫైబరు చీలికలు చీలికలుగా ఊడొచ్చింది. జనం అరిచేసరికి బెదిరి వెళ్ళిపోయాడు. నంబరు ఎవరూ చూడలేదు. అందరూ పడవనే చూస్తున్నారు. నంబరు దొరికి ఉంటే ఆ ఆటో ఇన్సూరెన్స్ మీదైనా ఏదో రాబట్టే దారి ఉండేది.

కబురు విని నేనూ మేనేజరూ నడుచుకుంటూ వెళ్ళాం. మోటారు మేడమ్ కూడా వెనకే వచ్చింది. పడవాయన బండి ఇనుప చట్రం మీద కూర్చుని ఉన్నారు. స్టీరింగుకు బంతిపూలు అలాగే ఉన్నాయి. పడవ పక్కన తలకాయ పట్టేంత రంధ్రం. నా జేబులో కాగితం, పెన్సిలు.

"ఇప్పుడు చూసుకోండి సార్," అన్నారు నాతో. వెటకారం లేదు. నిజంగానే ఇన్‌స్పెక్షన్ మిగిలి ఉందని ఆయన అనుకుంటున్నారు.

మేనేజరు రంధ్రంలోకి చూసి, రోడ్డు మీది జనాన్ని చూసి, తల పట్టుకున్నారు. "ఎవరండీ దీన్ని ఇక్కడిదాకా తెమ్మంది?"

పడవాయన నా వైపు చూశారు. ఆ చూపులో నింద లేదు. నేను చెప్తానని ఎదురు చూశారు, అంతే. చెప్పడానికి నాకు చాలా సమయమే ఉంది. నేను రంధ్రం చుట్టూ ఉన్న చీలికలను చూస్తూ నిలబడ్డాను. లెక్కపెడుతున్నట్టు.

"నేనే తెచ్చిన సార్," అన్నారు ఆయన. "జర తొందరపడ్డ."

"చదువూ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇలా చేస్తే ఎలాగండీ," అన్నారు మేనేజరు. ఆయన తల ఊపారు. దారికి అడ్డం పెట్టినందుకు చలానా కూడా ఆయనకే వచ్చింది.

దెబ్బ తిన్న పడవకు పాలసీ ఇవ్వకూడదు. బాగు చేయించుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన ఫైబరు తెచ్చి, తన చేతులతోనే పూత పోసుకుని, ఆరబెట్టుకుని వచ్చేసరికి రీజనల్ ఆఫీసు ఫైలు మూసేసింది. 'ప్రతిపాదకుడి అజాగ్రత్త' అన్నారు, అంటే పాలసీ అడిగినవాడిదే తప్పని. ఆ మాట వాళ్ళకు ఎవరు చెప్పారు? మేము చెప్పాం. మేనేజరు తనకు తెలిసింది చెప్పారు, ఆయనకు తెలిసింది నేను తెలియనిచ్చినంతే. సీజను మొదలైంది. జలాశయంలో ఆ చోటు వెనక వరసలో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోయింది.

కథ మాత్రం ఆ రోజు మధ్యాహ్నం అన్నం బల్ల దగ్గరే పుట్టింది. మేనేజరు కోపంగా ఉన్నారు, బ్రాంచి పేరు పోయిందని. ఆ కోపం ఎటు తిరుగుతుందో నాకు భయం. "సార్, బొల్లారం నుంచి వచ్చాడు, దారిలో ట్యాంక్‌బండ్ కనబడినా మనసు మార్చుకోలేదు చూడండి," అన్నాను. మేనేజరు నవ్వారు. అందరూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మరుసటి వారం ఇంకో బ్రాంచి వాళ్ళకు చెప్పాను, కొంచెం పెంచి. ట్రైనింగు సెంటరులో చెప్పాను, కానిస్టేబుల్ లైసెన్సు అడిగిన ముక్క కలిపి. మనుషులు బాగా నవ్వే చోట ఆపడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు నాకు తెలియనివాళ్ళే నాకు ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు, నేను కలపని ముక్కలతో.

నా వీడ్కోలు సభ అబిడ్స్‌లోనే ఒక హోటలు మేడ మీద జరిగింది. భోజనాల దగ్గర ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు పట్టుబట్టారు, పడవ కథ చెప్పమని. చెప్పాను. బహుశా అన్నిటికన్నా బాగా చెప్పాను. మోటారు మేడమ్ అప్పటికే రిటైరైంది, నా కోసం వచ్చింది. ఆమె పెరుగన్నం తింటూ ప్లేటు వైపే చూసింది. తరవాత మెట్లు దిగుతూ, ఎవరూ లేనిచోట ఆగింది.

"తమ్మీ, నా ఫోన్లనే గద మాట్లాడినవ్. పడవ తెమ్మని."

 పక్క కుర్చీలోనే ఉంది ఆ రోజు. "ఇన్నేండ్లు ఎందుకు అనలేదు అక్కా?" అన్నాను.

"నువ్వు అంటవని చూసిన."

మెట్ల కమ్మీ పట్టుకుని నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఆగింది. పడవాయన ప్రతి ఎండాకాలం ముందర ఏదో ఒక బ్రాంచికి ఫోటోలు పట్టుకుని వెళ్తున్నారని చెప్పింది. ఏ బ్రాంచికి వెళ్ళినా 'అబిడ్స్ పడవ మీదేనా' అని అడుగుతున్నారట. కంపెనీ మారినా ఏజెంట్లు వాళ్ళే కదా, కథ ముందే అక్కడికి చేరుతుంది. "మొన్న ఒక కొత్త ఆఫీసరు ఆయన ముఖం మీదనే నవ్విండంట. గట్లాంటి పిచ్చోనికి గంటకు ఎనభై ఉరికే పడవ మీద ఎవరు పాలసీ ఇస్తరు, చెప్పు."

నేను సరదా కథ అనుకున్నది అన్నాళ్ళూ ఆయన ముందర నడిచి వెళ్ళి తలుపులు మూస్తోంది.

బొల్లారం వెళ్ళడానికి నాకు ఇంకా చాలా రోజులు పట్టింది. వెళ్ళాక తెలిసింది, అది దూరమే కాదు. ఆయన షెడ్డులోనే ఉన్నారు. జలాశయంలో వేరేవాళ్ళ పడవల ఇంజన్లు ఆయనే బాగు చేస్తున్నారు, ఆ చోటు పొందినవాళ్ళవే. 'లకుముకి' ఒక మూల బండి మీద ఉంది. చిల్లు పడిన చోట కొత్త ఫైబరు నీలం కొంచెం ముదురు, దగ్గరికి వెళ్తే గాని తెలియదు.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ దులిపి వేశారు. నేను దారిపొడవునా కూడగట్టుకున్నదంతా చెప్పాను, ఫోను, మీటింగు, కట్ చెయ్యడం, మేనేజరు ముందు నా మౌనం, ఆ తరవాత నవ్వులు. ఆయన చేతిలోని గుడ్డతో స్పానరు తుడుస్తూ విన్నారు.

"ఆ రోజు మీరెందుకు చెప్పలేదు, నేనే రమ్మన్నానని?" అని అడిగాను.

"పాలసీ మీ చేతుల ఉండె గద సార్. మిమ్మల్ని పట్టిస్తే మల్ల సంతకం ఎవరు పెడ్తరు?"

 క్షమించమన్నాను.

ఆయన స్పానరు పక్కన పెట్టారు. మొదటిసారి ఆ గొంతులో కొంచెం విసుగు వినిపించింది. "ఎవరు రమ్మన్నరో నాకు తెల్వదా సార్? నాకు చెప్పుడెందుకు? తెల్వనోళ్ళకు చెప్పున్రి."

అందుకే ఇది రాస్తున్నాను, మీ కోసం, ఆ బల్లల దగ్గర ఇప్పుడు కూర్చున్నవాళ్ళ కోసం. వచ్చే ముందు ఆ పడవ వెనక పలక మీద కాగితం పెట్టి నంబరు ప్రింటు తీశాను. ఇప్పుడు దానికి విలువ లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన టార్చి పట్టుకున్నారు.

ఈ ఎండాకాలం ముందర కూడా ఆయన మీలో ఎవరి దగ్గరికో వస్తారు. ఇస్త్రీ చొక్కా, గోళ్ళ అంచుల్లో నలుపు. వేగం గంటకు ఎనభై అనే రాస్తారు, తగ్గించమని అడగకండి. రేవు దగ్గర కంప్యూటరు ఎర్రబడితే తిట్టుకోండి, కానీ ఆయన ముందు కాదు. అబిడ్స్ పడవ మీదేనా అని ఎవరైనా అడగబోతే, దాన్ని రమ్మన్నది మన ఆఫీసరే అని చెప్పండి. ఇన్‌స్పెక్షను మిగిలితే బ్రాంచికి తెమ్మనకండి. పెన్సిలు జేబులో పెట్టుకుని మీరే బొల్లారం వెళ్ళండి. మధ్యాహ్నం కల్లా అయిపోతుంది. కావాలంటే ఆయనే వచ్చి తీసుకెళ్తారు, మళ్ళీ ఆయనే దింపుతారు.